నయాగరా ట్రిప్‌లోనే ఫాసిల్స్ ఏరుకోవచ్చా? వీకెండ్‌కి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ: మీరు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటారు. తొమ్మిదేళ్ల బాబుకి డైనోసార్ల పిచ్చి. జూన్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఎలాగూ నయాగరా చూపించాలి. ఆ వీకెండ్‌లోనే పిల్లాడు తన చేత్తో ఫాసిల్ తవ్వుకునే చోటు ఏదైనా దగ్గర్లో ఉందా, దొరికింది ఇంటికి తెచ్చుకోనిస్తారా, ఏ సామాను కొనాలి?

ఉంది, తెచ్చుకోనిస్తారు, సామానుకి పెద్దగా ఖర్చు లేదు. బఫలోకి దక్షిణాన హాంబర్గ్ దగ్గర పెన్ డిక్సీ అనే ఫాసిల్ పార్క్ ఉంది. నయాగరా నుంచి కారులో ముప్పావు గంట లోపే. ఒకప్పుడు సిమెంట్ కంపెనీ వాళ్ల క్వారీ అది. వాళ్లు తవ్వుకుని వదిలేసిన 54 ఎకరాల నేలని 1993లో ఏర్పడిన హాంబర్గ్ నేచురల్ హిస్టరీ సొసైటీ చూసుకుంటోంది. టికెట్ కొని లోపలికి వెళ్తే దొరికింది మీదే. చలికాలంలో మాత్రం మామూలు సందర్శన ఉండదు, వెళ్లేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో రోజులూ వేళలూ చూసుకోండి.

మీరు బహుశా శనివారం నయాగరా, ఆదివారం ఫాసిల్స్ అనుకుంటున్నారేమో. తిప్పి పెట్టుకోండి. ఆదివారం పొద్దున్నంతా ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత ఎడిసన్ దాకా ఆరేడు గంటలు డ్రైవ్ చేయడం నేను ఒకసారి చేశాను, ఇంకోసారి చేయను. శుక్రవారం రాత్రికి బఫలో చేరుకుని, శనివారం పొద్దున పార్క్, సాయంత్రం స్నానాలయ్యాక నయాగరా దీపాలు, ఆదివారం పొద్దున బోటు ఎక్కి ఇంటికి.

బాబుకి ముందే చెప్పాల్సిన మాట: అక్కడ డైనోసార్ దొరకదు. ఇది చెప్పకుండా తీసుకెళ్లిన పిల్లలు గంటకే ముఖం మాడ్చుకోవడం చూశాను. ఆ రాళ్లు డెవోనియన్ కాలానివి. ఇంగ్లండ్‌లోని డెవాన్ అనే ప్రాంతం పేరు మీద సెడ్జ్‌విక్, మర్చిసన్ అనే ఇద్దరు 1839లో ఆ కాలానికి పెట్టిన పేరది. సుమారు 42 కోట్ల ఏళ్ల కిందట మొదలై 36 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. పెన్ డిక్సీ పొరలు దాదాపు 38 కోట్ల ఏళ్ల నాటివి. మొదటి డైనోసార్ పుట్టడానికి అప్పటికింకా 15 కోట్ల ఏళ్లు ఉంది. “డైనోసార్లకి కూడా ఇవి ఫాసిల్సే” అని చెప్పండి. మా అబ్బాయికి ఆ ఒక్క ముక్క పనిచేసింది. డైనోసారే కావాలంటే ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అస్థిపంజరం చూపించండి. అది మన ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికినదే.

ఇక ఇక్కడ దొరికేవి. బఫలో ఉన్న చోట అప్పట్లో లోతు తక్కువ సముద్రం. ఈ ఖండం అప్పుడు భూమధ్యరేఖకి దక్షిణాన, వెచ్చటి నీళ్లలో ఉండేది. తూర్పున లేస్తున్న కొండల నుంచి కొట్టుకొచ్చిన బురద ఆ సముద్రం అడుగున పేరుకుని, లోపలి జీవాల్ని కప్పేసి, గట్టిపడి మెత్తటి బూడిదరంగు పలకల రాయి అయింది. దాన్నే విండమ్ షేల్ అంటారు. నయాగరాలో నీళ్లు దూకే అంచు రాయి దీనికంటే పాతది, డెవోనియన్‌కి ముందటి సైలూరియన్ కాలంది. అక్కడ నుంచి దక్షిణానికి వస్తే రాళ్ల వయసు తగ్గుతూ వస్తుంది. దోసెల దొంతరని కొంచెం దక్షిణానికి వాల్చి, పైన అడ్డంగా కోశారనుకోండి. ఉత్తరాన అడుగు దోసె బయటపడుతుంది, దక్షిణాన పై దోసెలు. ముప్పావు గంట డ్రైవ్‌లో నాలుగైదు కోట్ల ఏళ్లు ముందుకొస్తారు. నేనైతే కారులో పిల్లలకి ఇది చెప్తూ వెళ్తాను, వాళ్లు వింటారా లేదా అన్నది వేరే సంగతి.

కారు దిగి లోపలికి నడవగానే కాళ్ల కింద కనిపించేవి క్రైనాయిడ్ ముక్కలు. సముద్రపు లిల్లీ అంటారు గానీ మొక్క కాదు, నక్షత్ర చేపకి బంధువు. దాని కాడ విరిగి బిళ్లలు బిళ్లలుగా రాలిపోతుంది. మధ్యలో చిల్లుతో ఒక్కో బిళ్ల చీమలకి వండిన గారెలా ఉంటుంది. తర్వాత బ్రాకియోపాడ్లు. చూడగానే ఆల్చిప్ప అనుకుంటాం. కాదు. ఆల్చిప్పలో రెండు చిప్పలూ అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి సరిపోతాయి. బ్రాకియోపాడ్‌లో పై చిప్ప వేరు, కింది చిప్ప వేరు, కానీ ఏ చిప్పకి ఆ చిప్ప నిలువునా మధ్యకి కోస్తే రెండు సగాలూ ఒకేలా ఉంటాయి. మ్యూక్రోస్పిరిఫర్ అనే రకం రెండు రెక్కలు చాపిన సీతాకోకచిలుకలా ఉంటుంది, పిల్లలు మొదట అదే ఏరతారు.

కొమ్ము పగడాలు కూడా బోలెడు. ఆవుకొమ్ములా వంకర తిరిగి, వేలంత ఉంటాయి. వీటి దగ్గర కాస్త ఆగండి. పైన అడ్డంగా సన్నటి గీతలు ఉంటాయి, వెంట్రుక కంటే సన్నం. 1963లో కార్నెల్ యూనివర్సిటీలో జాన్ వెల్స్ అనే ఆయన డెవోనియన్ పగడాల మీద ఇలాంటి గీతలు లెక్కపెట్టాడు. రోజుకో గీత, ఏడాదికో లావు పట్టీ అనుకుంటే ఏడాదికి దాదాపు 400 గీతలు వచ్చాయి. అంటే అప్పట్లో ఏడాదికి 400 రోజులు, రోజుకి 22 గంటలే. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లు భూమి తిరిగే వేగాన్ని మెల్లగా తగ్గిస్తాయని ఖగోళ శాస్త్రవేత్తలు అప్పటికే లెక్కలు కట్టి ఉన్నారు. ఈయన లెక్క దానికి సరిపోయింది. మీకు దొరికే పగడాల్లో చాలావాటి మీద గీతలు అరిగిపోయి ఉంటాయి, లెక్కపెట్టేంత మంచిది నాకు ఇన్నేళ్లలో రెండే దొరికాయి.

అందరూ వచ్చేది మాత్రం ట్రైలోబైట్ కోసం, అంటే రొయ్యలా, పీతలా పైన పెంకుండి, ఎప్పుడో అంతరించిపోయిన సముద్ర జీవి. ఇక్కడిది ఎల్డ్రెడ్జియాప్స్ రానా. మీ బాబు పుస్తకంలో ఫేకాప్స్ రానా అని ఉండొచ్చు, పాత పేరు అది. రానా అంటే మన హీరో కాదు, లాటిన్‌లో కప్ప. కప్పలాగే కళ్లు ఉబ్బి ఉంటాయి. బూడిదరంగు రాయిలో ఇది నల్లగా, నిగనిగలాడుతూ, అచ్చం చింతగింజలా మెరుస్తుంది. ముట్టుకుంటే రోకలిబండ పురుగు చుట్టుకున్నట్టు ఇవి కూడా ప్రమాదం వస్తే చుట్ట చుట్టుకునేవి. అలా చుట్టుకుని బురదలో కూరుకుపోయినవి పూర్తిగా, చెక్కు చెదరకుండా దొరుకుతాయి. సాగదీసి పడుకున్నవి అరుదు. ఎక్కువగా దొరికేవి విడి తలలు, విడి తోకలు. అవి చచ్చిన జీవాల ముక్కలే కానక్కర్లేదు, పాము కుబుసంలా విడిచిన పెంకులు కూడా. పది తలలకి ఒక పూర్తి ట్రైలోబైట్ దొరికితే మంచి రోజు కింద లెక్క.

తల దొరికితే పారేయకండి. పదింతలు చూపించే చిన్న భూతద్దంతో కంటి వైపు చూడండి. నిలువు వరసల్లో పేర్చిన గుండ్రటి కటకాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి, గసగసాలు అంటించినట్టు. అవి కాల్‌సైట్ అనే ఖనిజంతో అయిన కటకాలు, అంటే రాతి కళ్లు. ఆ వరసలు ఎన్ని ఉన్నాయో ఎన్నో తలల్లో లెక్కపెట్టినవాడు నైల్స్ ఎల్డ్రెడ్జ్ అనే ఫాసిల్స్ శాస్త్రవేత్త. కొత్త పేరు ఆయన మీదే పెట్టారు. జాతులు ఎప్పుడూ నెమ్మదిగా మారుతూ ఉండవు, చాలాకాలం అలాగే ఉండి ఉన్నట్టుండి మారతాయని ఆయనా స్టీఫెన్ జే గౌల్డ్ కలిసి 1972లో చెప్పిన సిద్ధాంతానికి ఒక ఆధారం ఈ కళ్లే.

ఇప్పుడు అసలు విషయం. ఇది సుత్తి పని కాదు, కంటి పని. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆరు గంటలు రాళ్లు పగలగొట్టాను. అరచేతుల్లో బొబ్బలు తప్ప ఏమీ మిగల్లేదు. రెండేళ్ల తర్వాత మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఆవిడని నీడలో కూర్చోబెడదామంటే అక్కడ నీడే లేదు. గొడుగు పట్టుకుని, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని మెల్లగా నడుస్తూ, పావుగంటలో వచ్చి “ఇదేనా బాబూ మీరు వెతికేది?” అని చెయ్యి చాపారు. చుట్టుకున్న ట్రైలోబైట్, పూర్తిది. నేను అప్పటికి నాలుగుసార్లు వెళ్లి ఒక్కటి కూడా పూర్తిది సాధించలేదు. ఎలా కనిపించిందంటే, “నలభై ఏళ్లు చేటలో బియ్యంలో రాళ్లు ఏరాను కదా, ఇదేమంత పని” అన్నారు. ఆ రోజు మధ్యాహ్నానికి ఆవిడ ఒడిలో నాలుగు చేరాయి. కాబట్టి మీ అమ్మగారిని కారులో కూర్చోబెట్టకండి.

చేట పద్ధతే పద్ధతి. సూర్యుడు పక్కనుంచి పడే పొద్దున వేళ వెళ్లండి, ఏటవాలు వెలుగులో గట్లు, గీతలు పైకి తేలతాయి. నడినెత్తిన ఎండ ఉంటే అంతా చదునుగా కనిపిస్తుంది. రెండు చదరపు అడుగుల నేల ముందు మోకాళ్ల మీద కూర్చుని, కదలకుండా ఐదు నిమిషాలు చూడండి. రాయి ఆకారం కాదు వెతకాల్సింది. ఒకే మాదిరి మళ్లీ మళ్లీ వచ్చే గీతలు, రెండు పక్కలా సమానంగా ఉండే ఆకారం, చుట్టూ ఉన్న రాయికి లేని మెరుపు. వాన పడిన మర్నాడు వెళ్తే ఇంకా మంచిది, పైదుమ్ము కడుక్కుపోయి కొత్తవి బయటపడతాయి. బూట్లు మాత్రం బురదకి బలి.

సుత్తి ఎప్పుడంటే, ట్రైలోబైట్లు గుంపుగా ఉండే పొర ఏదో తెలిశాక. ఆ పొర పార్కంతా ఉండదు. లోపల వాలంటీర్లు ఉంటే అడగండి, ఆనందంగా చూపిస్తారు. అక్కడ పెద్ద పలకని తీసి, అంచు మీద నిలబెట్టి, పొరల మధ్య ఉలి పెట్టి నెమ్మదిగా తట్టాలి. పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోవాలి. పలక నడిమధ్యన కొడితే లోపలున్నది కూడా రెండు ముక్కలవుతుంది. విడిపోయిన రెండు ముఖాలూ చూడండి. ఒకదాంట్లో జీవి ఉంటే రెండోదాంట్లో దాని అచ్చు ఉంటుంది, రెండూ దాచాలి. మే నెలలో నిపుణులతో కలిసి తవ్వే కార్యక్రమం ఒకటి అక్కడ జరుగుతుంది. యంత్రాలతో కొత్త పొర తెరిచి పెడతారు. మీది జూన్ అంటున్నారు, ఆ తవ్విన కుప్పల్లో మిగిలినవి చాలానే ఉంటాయి.

సామాను విషయానికొస్తే, ఇంట్లో మేకులు కొట్టే సుత్తి తీసుకెళ్లకండి. ఆ ఉక్కు గట్టిగా, పెళుసుగా ఉంటుంది, రాయిమీద లేదా ఉలిమీద కొడితే పెచ్చు లేచి ఎగురుతుంది. నా కళ్లద్దాల మీద ఇప్పటికీ ఒక గాటు ఉంది, ఆ రోజు కళ్లద్దాలు లేకపోతే గాటు ఎక్కడ పడేదో. రాళ్ల సుత్తి అని విడిగా అమ్ముతారు, ఎస్ట్‌వింగ్ కంపెనీదైతే మీ మనవల దాకా ఉంటుంది. రెండు ఉలులు, అందరికీ సేఫ్టీ గ్లాసెస్ (సుత్తి పట్టనివాళ్లకి కూడా), మోకాళ్ల కిందకి పాత దిండు, బకెట్, పాత టూత్‌బ్రష్, టాయిలెట్ పేపర్ రోల్, కోడిగుడ్ల అట్టపెట్టెలు, జిప్‌లాక్ కవర్లు, మార్కర్ పెన్. ఇవి చాలు. ఇంకా ముఖ్యమైనవి నీళ్లు, టోపీలు, సన్‌స్క్రీన్, పులిహోర. మళ్లీ చెప్తున్నా, నీడ లేదు. పెద్దవాళ్లకి మడత కుర్చీ, గొడుగు తప్పనిసరి, రెండు మూడు గంటలకి మించి ఉంచకండి.

ఏదైనా విరిగితే టెన్షన్ పడకండి, ముక్కలన్నీ ఒకే కవర్‌లో వేయండి, ఇంటికొచ్చాక సూపర్ గ్లూతో అతికించుకోవచ్చు. దొరికిన ప్రతిదాన్నీ అక్కడే శుభ్రం చేయాలని బాబు గొడవ చేస్తాడు. చేయనివ్వకండి. చుట్టూ కాస్త రాయి ఉంచే టాయిలెట్ పేపర్లో చుట్టి, కవర్ మీద తేదీ, చోటు రాయండి. ఎక్కడ దొరికిందో తెలియని ఫాసిల్ శాస్త్రానికి మామూలు రాయితో సమానం.

ఇంటికొచ్చాక చేయకూడనివి రెండు. ఒకటి, వెనిగర్. యూట్యూబ్‌లో చూసి చాలామంది వెనిగర్‌లో నానబెడతారు. ఇక్కడి పెంకులు చాలావరకు కాల్‌సైట్, వెనిగర్ ముందు కరిగేది అదే. రాయి మిగిలి ఫాసిల్ పోతుంది. రెండు, నీళ్లలో నానబెట్టడం. ఈ షేల్ నానితే, మళ్లీ ఎండితే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది, చివరికి వచ్చిన దారినే బురద అవుతుంది. పొడి బ్రష్, సూది, ఓపిక, అంతే.

ఇంకో రకం జాగ్రత్త బంగారంలా మెరిసే వాటితో. కొన్ని చిన్న ఫాసిల్స్‌లో పెంకు స్థానంలో పైరైట్ అనే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం చేరి ఉంటుంది. నత్తగుల్లలా చుట్టలు తిరిగిన గోనియటైట్లు అనే చిన్న సముద్ర జీవులు అలా దొరుకుతాయి. ఇవి మనకి కొత్త కాదు. పూజగదిలో సాలగ్రామం ఉంటే దాని లోపల చక్రాల్లా కనిపించేది అమ్మోనైట్, గండకీ నదిలో దొరికే జురాసిక్ కాలపు ఫాసిల్. గోనియటైట్ దానికి 20 కోట్ల ఏళ్లకు పైగా పెద్దదైన చుట్టం. మా నాన్నగారికి ఈ మాట చెప్పి, మెరిసే గోనియటైట్ ఒకటి కాకినాడ తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన మురిసిపోయి చిన్న వెండి భరిణెలో పెట్టి, నేను రాసిచ్చిన చీటీతో సహా దాచారు. రెండు వర్షాకాలాలు గడిచాక తెరిచి చూస్తే లోపల తెల్లటి పొడి, అగ్గిపుల్ల వాసన, చీటీ కాలినట్టు చిల్లులు. తేమకి పైరైట్ గాలిలో ఆక్సిజన్‌తో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది, తనని తానే తినేస్తుంది. కోస్తా ఊళ్లకి అలాంటిది పంపితే గాలి చొరని డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టి, పొట్లాలు మారుస్తూ ఉండాలి. లేదంటే మామూలు బ్రాకియోపాడ్లే ఇవ్వండి, వాటికి ఏమీ కాదు.

దారిలో కనిపించే ప్రతి కొండ కోత దగ్గరా ఆగుదామనిపిస్తుంది. ఆగకండి. ఇంటర్‌స్టేట్ పక్కన కారు ఆపడం నేరం, ప్రమాదం, నాకు పోలీసుల చేత చీవాట్లు పడ్డాయి. వాగుల పక్కన నేల ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది, అడగకుండా దిగకూడదు. న్యూయార్క్ స్టేట్ పార్కుల్లో ఫాసిల్స్ తీసుకోవడం నిషిద్ధం.

నయాగరా దాకా వెళ్లే ఓపిక లేకపోతే మీకు దగ్గర్లో పెన్సిల్వేనియాలో డాన్‌విల్ వైపు మాంటూర్ ప్రిజర్వ్ ఉంది, ఎడిసన్ నుంచి మూడు గంటల లోపు. అక్కడి ఫాసిల్ గుంట కూడా డెవోనియన్‌దే, తెచ్చుకోనిస్తారు. కానీ ఎక్కువగా అచ్చులు దొరుకుతాయి, పెంకులు కాదు. మొదటిసారి వెళ్లే పిల్లాడికి పెన్ డిక్సీ అంత కిక్ ఉండదు. ఒహాయోలో టొలీడో పక్కన సిల్వేనియాలో ఇంకో పార్క్ ఉంది, అక్కడ అసలు సుత్తులే అనుమతించరు, చేత్తో విరిగేంత మెత్తటి రాయి. ఐదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకి అదే మేలు. లూయీవిల్ దగ్గర ఫాల్స్ ఆఫ్ ది ఒహాయోలో డెవోనియన్ పగడాల దిబ్బ మొత్తం నది ఒడ్డున పరుచుకుని ఉంటుంది, మహా అద్భుతం, కానీ చూడ్డానికే, ఏరడానికి లేదు.

బాబుకి పూర్తి ట్రైలోబైట్ దొరక్కపోతే ఏడుస్తాడేమోనని కూడా అడిగారు. దొరక్కపోవచ్చు. కానీ ఒక తల దొరుకుతుంది, దాదాపు ఖాయం. భూతద్దం మాత్రం కారులో మర్చిపోకండి. పార్కింగ్ నుంచి తవ్వే చోటుకి నడక ఉంది, వెనక్కి వెళ్లి తెచ్చే పని ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు.